బొట్టు పెట్టిన మూత

మా పాశమైలారంల ఎవలన్న కొత్త కారు కొంటే నేను ఒక్కటే అడుగుత: గేరు పక్కన చిన్న మూత చూసుకున్నవా?

మొన్న దసరకు నా మనుమరాలు మహిత కారు కొన్నది. గేర్లు అవే మారుతయట. బండికి పూజ చెయ్యకుంటెట్ల? టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన, తలుపులకు, స్టీరింగుకు పసుపు కుంకుమ పెట్టిన. గేరు పక్కన గోరంత మూత కనబడ్డది.

"ఇదేం పని జేస్తదే?"

"ఏం చెయ్యది నానమ్మా, ఊకె ఉంటది."

పనిలేనిదైతే మాత్రం ఏంది, దానిక్కూడ తడి పసుపు నిండ పూసి బొట్టు పెట్టిన. పిల్ల తల కొట్టుకున్నది.

దసర అయినంక ఒక ఆదివారం పొద్దున, పక్కింటి గేటుకు అడ్డంగ బండి ఆపి, "అయిదు నిమిషాలు" అని మా ఇంట్లకు పోయింది. దోస్తు ఫోను. అయిదు నిమిషాలు గంటన్నరైంది. నేను బండిల కూసొని, దానికే ఉన్న తాళం సగం తిప్పి ఫ్యాను ఏసుకొని బతుకమ్మ పాటలు పెట్టుకున్న. ఉన్నట్టుండి పాట ఆగింది. మహిత వచ్చి తాళం తిప్పితే బండి ఉలకలే పలకలే.

గప్పుడే పక్కింటి వెంకట సాయి ఉరికొచ్చిండు. వాళ్లది కోస్తా. ముప్పై ఏండ్ల కింద ప్లాంటు నౌకరికొచ్చి మా పక్కనే ఇల్లు కట్టిన్రు. వాళ్ల నాయన రామలింగేశ్వరరావుకు గుండెల నొప్పి. అంబులెన్సు హైవే మీద జాంల ఇరుక్కున్నదట. నాయనను తన కార్ల కూసోబెట్టి గేటు తీసిండు. ఎదురుంగ మా బండి.

"అత్తయ్యా, కారు తియ్యండి!"

"బ్యాటరీ పోయింది బిడ్డా. నేనే పోగొట్టిన."

డ్యూటీకి పోయేటోళ్లు ఇద్దరు వచ్చి నూకిన్రు. జరగలే. కరెంటు లేక గేరు కడ్డీ పట్టు ఇడుస్తలేదు. పాటల కోసం మనిషి పానం తీస్తినా అనుకున్న.

రావును నేను తమ్మీ అంట; ఆయన ప్లాంటుల బండ్లు రిపేరు చేసినోడు. చెమటలు కారుతుంటె కిటికీలకెళ్లి అన్నడు: "అక్కగారూ... గేరు పక్కన మూత తీసి, లోపలున్న బటన్ నొక్కి పట్టుకోండి. అమ్మాయి బ్రేకు తొక్కి న్యూట్రల్‌లో వెయ్యాలి."

"మూత ఏడుందో కనబడ్తలేదు నానమ్మా!" అని మహిత ఏడ్సుడే.

యాడ కనబడ్తది? పసుపెండి సందు పూడిపోయింది. నాకైతే ఎరుకే. గాజులకున్న పిన్నీసు తీసి గీకి, మూత లేపిన. నడుముకున్న బీరువా తాళంచెవి లోపట పెట్టి ఒత్తిన. మహిత బ్రేకు తొక్కి కడ్డీ గుంజింది. టక్కుమన్నది! హ్యాండ్‌బ్రేకు దించినంక నూకితే బండి సల్లగ జరిగింది. సాయి కారు దుమ్ము లేపుకుంట పోయింది.

రావుకు స్టెంటు ఏసిన్రు. దవాఖానల నన్ను చూసి, "పాటలు పూర్తయ్యాయా అక్కగారూ?" అన్నడు.

"ఊకో తమ్మీ. నువ్వు బతికినవ్, నన్ను గూడ బతికిచ్చినవ్" అన్న. చెయ్యి పట్టుకొని కూసున్న.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం ఆ మూతను మెత్తటి బట్టతోని తుడిచి దండం పెడ్త. బొట్టు మాత్రం పక్కన పెడ్త, దాని మీద కాదు.