నాలుగో కౌంటర్ తేదీలు

మరదలు జాకెట్టు చేతులు ఇస్త్రీ చేస్తోంది. వదిన పక్కన మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. పొద్దున ఎనిమిది దాటింది.

వదిన మున్సిపల్ ఆఫీసులో నాలుగో కౌంటర్ దగ్గర నీళ్ల ఫిర్యాదులు తీసుకుంటుంది. మరదలు యూనివర్సిటీలో ప్రభుత్వ పాలన పాఠాలు చెబుతుంది. ప్రభుత్వం ఎలా నడవాలో నువ్వు చెప్పు, నడవనప్పుడు తిట్లు నేను తింటాను అని వదిన ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఆ రోజు పదకొండింటికి మరదలి యూనివర్సిటీ, సముద్రం అవతలి ఇంకో యూనివర్సిటీ తమ ఒప్పందాన్ని మరో ఐదేళ్లు పొడిగిస్తూ సంతకాలు చేయాలి. రెండు చోట్ల పిల్లలూ ఏడాదంతా కలిసి ఒకే కోర్సు చదివారు. ఇక్కడివాళ్లు మున్సిపల్ ఆఫీసులోని ఆరు కౌంటర్ల రిజిస్టర్లు ఫోటోలు తీసి పంపితే, అక్కడివాళ్లు లెక్కలు కట్టారు. ఆ నివేదికను సంతకాల వేళకే కమిషనర్ చేతిలో పెడతారు. అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే టర్ములో మరదలు అక్కడికి వెళ్లి పాఠాలు చెబుతుంది. దానికోసం పెట్టె కూడా కొనుక్కుంది.

నివేదిక చివరి పేజీని ఆమె నిన్న సాయంత్రమే చూసింది. రాత్రంతా వదినకు చెప్పకుండా దాచింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఉన్నమాట చెప్పేసింది. మిగతా కౌంటర్లలో ఫిర్యాదు తీరడానికి నాలుగు రోజులు పడుతుంటే నాలుగో కౌంటర్లో పంతొమ్మిది పడుతోందట. దాన్ని ఎత్తేసి ఐదోదాంట్లో కలపమని రాశారు. అదే జరిగితే వదినను పాత ఫైళ్ల గదిలో పడేస్తారు.

వదిన తువ్వాలు మడత పెట్టడం ఆపలేదు.

"తీరింది అని నేను తేదీ ఎప్పుడు వేస్తానో ఎవరైనా అడిగారా?"

"ఎప్పుడు వేస్తావు వదినా?"

"కుళాయిలో నీళ్లొస్తున్నాయని ఆ మనిషి నోటితో చెప్పాక."

మిగతావాళ్లు కాగితం ఇంజనీరు దగ్గరికి పంపిన రోజే తేదీ వేసేస్తారు. వదిన కూడా కొత్తలో అలాగే చేసేది. ఒక ముసలావిడ ఒకే ఫిర్యాదు కోసం నాలుగుసార్లు తిరిగింది. రిజిస్టర్లో చూస్తే నాలుగుసార్లూ తీరిపోయినట్టే ఉంది. ఆ రోజుతో వదిన ఆ పద్ధతి మానేసింది. మళ్లీ రానివాళ్లకు శనివారాలు ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు తేదీ వేస్తుంది.

మరదలు ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది. తప్పు తనదే. మొదటిరోజు ఐదు కౌంటర్ల దగ్గరా నిలబడి, తేదీ ఎప్పుడు వేస్తారని అడిగి రాసుకుంది తనే. నాలుగోదాని దగ్గరికి మాత్రం పోలేదు. సొంత మనిషి కదా, ఎవరైనా వేలెత్తి చూపిస్తారేమోనని దూరంగా ఉండిపోయింది. అక్కడా అదే పద్ధతి అయ్యుంటుందని పట్టికలో రాసేసింది.

వదిన విని నవ్వింది. "మూడు పూటలా ఎదురుగా కూర్చుని తింటావు. ఈ ఒక్క ముక్క అడగడానికి నోరు రాలేదా పంతులమ్మా?"

గడ్డం మీద నురగతో అన్నయ్య బయటికొచ్చాడు. ముందు సంతకాలు కానివ్వమని, తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చని, ఇప్పుడు కదిపితే ప్రయాణం గంగలో కలుస్తుందని చెల్లెలికి నచ్చజెప్పబోయాడు. వదిన చివరి చీర మడతపెట్టి మరదలి వైపు తిరిగింది.

"నీ ప్రయాణం నీ ఇష్టం. ఫైళ్ల గదిలో ఫ్యాను బాగానే తిరుగుతుందట" అంది.

మరదలు ల్యాప్‌టాప్ తెరిచింది. తమ శాఖ పెద్దకూ, అవతలి ప్రొఫెసరుకూ కలిపి ఒకే ఉత్తరం రాసింది. నాలుగో కౌంటర్ గుమాస్తా మా వదిన, అందుకే ఆమెను అడగలేదు, అడగకుండానే రాశాను, పట్టిక తప్పు, దయచేసి నివేదిక ఇవ్వకండి. రెండుసార్లు చదువుకుని పంపించేసింది.

పావుగంటలో శాఖ పెద్ద ఫోన్ చేశాడు. ఏది అడిగినా 'తర్వాత చూద్దాం' అంటాడని పిల్లలు ఆయనకు ఆ పేరే పెట్టారు. మరదలు బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఆయన మొదట ఎడాపెడా దులిపేశాడు. తర్వాత చల్లబడి, అవతలి ప్రొఫెసరు అప్పుడే జవాబిచ్చిందని చెప్పాడు. తప్పు నివేదిక చేతిలో పెట్టి సంతకాలు చేయడం కంటే ఆలస్యమే నయమందట. సంతకాలు వాయిదా పడ్డాయి. ఆఫీసు తెరిచే వేళకు పిల్లలు ఆరు కౌంటర్లకూ వెళ్లి, తేదీల సంగతి గుమాస్తాలను మళ్లీ మొదటినుంచీ అడుగుతారు. ఈ పనిలో ఇక మరదలు వేలు పెట్టకూడదు. మరి వచ్చే టర్ము ప్రయాణం అని ఆమె అడిగింది.

"తర్వాత చూద్దాం" అన్నాడు.

ఇంకొకటి కూడా గట్టిగా చెప్పాడు. పిల్లలు తిరిగొచ్చేదాకా వదినతో దీని గురించి పల్లెత్తు మాట అనకూడదు. ఏం జరగబోతోందో కూడా చెప్పకూడదు. ఏం చెప్పాలో మరదలే వదినకు నేర్పించి పంపిందన్న మాట రాకూడదు.

ఆమె లోపలికి వచ్చేసరికి వదిన జడ వేసుకుని, క్యారేజీ సంచిలో పెట్టుకుంటోంది.

"ఏమన్నారు?"

మరదలు తల అడ్డంగా ఊపింది. "చెప్పకూడదు వదినా."

ఇదెక్కడి చోద్యం, సొంత వదినకు చెప్పకపోవడమేమిటని అన్నయ్య మొదలుపెట్టాడు. వదిన అతని వైపు చూడలేదు. మరదలి మొహం వైపే కాసేపు చూసింది. మరదలి కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి, కానీ పక్కకు తప్పుకోలేదు. రోజంతా జనం మొహాలు చూసే ఉద్యోగం వదినది.

గడప దగ్గర ఆగి గ్యాసనీ, కుళాయి అనీ, తాళమనీ మూడు పనులు పురమాయిస్తే గానీ ఆమె ఏ రోజూ కదలదు. ఈ రోజు చెప్పులు వేసుకుంది, సంచి భుజానికి తగిలించుకుంది. మరదలి పక్కనుంచి వెళ్తూ ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి తీసి, మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.