ఆకు లేని గిన్నె

పసరు తాగితే క్యాన్సర్ పోతుందన్నట్టు అచ్చేసిన పేపరు పెద్దలారా, అడక్కుండానే ఫోటోకి నిలబడ్డ ల్యాబు డైరెక్టరుగారూ, మీ పుణ్యాన ఒక ఆడమనిషి ఆస్పత్రి ఇంజెక్షన్లు మానేసి పసరు తాగుతోంది. జవాబు చెప్పండి. అందరికంటే ముందు చెప్పాల్సినవాడు ఆవిడ సొంత తమ్ముడు. ల్యాబులో అందరూ ఆకుల డాక్టరనే ఆ మహానుభావుడే ఈ ఘనకార్యం చేసింది.

ఆకులు నీడలో ఎండబెట్టాడు, పొడిచేశాడు, స్పిరిట్లో నానబెట్టి వడకట్టాడు. గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఆ సారం వేస్తే అన్నీ చచ్చి తేలాయి. ఇక చూడండి, వైద్యశాస్త్రం మొత్తం తనకి వేలువిడిచిన మేనమామ అయినట్టు తిరిగాడు.

పక్క బల్ల మేడమ్ మాత్రం అడిగింది. "ఉత్త స్పిరిట్ వేసిన గిన్నె ఏదండీ?"

"అందులో ఆకే ఉండదుగా. పోలికకి నీళ్ళు వేసిన గిన్నె పెట్టానుగా."

"మీరు ఆకులు నానబెట్టింది నీళ్ళలోనా?"

ఉత్త స్పిరిట్ వేసి చూశాడు. మర్నాటికి కణాలు అంతే శుభ్రంగా చచ్చాయి. ఆకు పాపం అమాయకురాలు. ఈ లెక్కన సారా కొట్టువాడికీ డాక్టరేటు ఇవ్వాలి అనుకుంటూ అక్క ఇంటికి పరిగెత్తాడు.

అక్క వంటింట్లో పసరు వడకడుతోంది. "వచ్చావా డాక్టరూ. మరీ చేదుగా ఉందిరా, తేనె కలపొచ్చా?"

"పారబొయ్యి అక్కా. కణాల్ని చంపింది స్పిరిటు. ఆకే చంపినా, గిన్నెలో చావడం వేరు, ఒంట్లో చావడం వేరు."

"పేపర్లో వేశారుగా?"

"నేను గాడిదనని వాళ్ళకి తెలీదు."

"నాకు తెలుసు, నిన్ను పెంచినదాన్ని." గ్లాసు గట్టు మీద పెట్టింది. "ఆ ఇంజెక్షన్ ఎక్కిస్తే నాలుగు రోజులు మనిషిని కానురా. అందుకే గాడిదైనా ఫర్లేదని నమ్మాను."

చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు. "పద. నీ డాక్టరు తిట్టే తిట్లన్నీ నేను తింటాను."

ఆస్పత్రి వరండాలో అక్కని కూర్చోబెట్టి పేపరాఫీసుకి ఫోన్ చేశాడు. "ఆకు పనిచేస్తుందని తేలలేదు, తప్పు నాది. నా పేరుతోనే, రేపే, మొదటి పేజీలోనే వెయ్యండి. మా అక్కలా మందులు మానేసిన వాళ్ళందరూ వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలని లావుపాటి అక్షరాల్లో వెయ్యండి."