లీటరు బరువు

తార్నాక చౌరస్తాలో ఆటో ఆగిపోతే వెనకున్నవాళ్లు హారన్లు కొడతారే తప్ప దిగి ఒక చెయ్యి వెయ్యరు. లక్ష్మీనర్సయ్యకు అది అలవాటైపోయింది. ఎక్కిన మనిషి "ఇసుంటి బండి రోడ్డు మీదికెందుకు తెస్తవయ్యా?" అని కసిరి దిగిపోయాడు. లక్ష్మీనర్సయ్య మే నెల ఎండలో బండిని మాణికేశ్వర్ నగర్ దాకా నెట్టుకుంటూ పోయాడు.

మెకానిక్ సమ్మయ్య ఇంజన్ విప్పి చూసి పెదవి విరిచాడు. "అన్నా, పిస్టన్ మల్ల గీసుకపోయింది. ఇంకోసారి పట్టేసిందంటే ఈ ఇంజన్ పాత ఇనుమే. నువ్వు ఆయిల్ సరిగ పోస్తలేవు."

"పోస్తున్నరా భయ్, నీ తోడు."

సమ్మయ్య నమ్మలేదు. ఇంట్లో కూతురు పద్మశ్రీ కూడా నమ్మలేదు. "బండిని మంచిగ చూసుకోవు నాయినా" అని ఆమే గట్టిగా అనేసింది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, ఇంజన్ల సంగతి తనకే తెలుసుననుకుంది. ఆ ఇంటి తిండీ, ఆమె చదువూ ఆ మూడు చక్రాల మీదే నడుస్తున్నాయి. బండి పోతే, కిరాయి ఆటో దొరక్కుంటే ఆయనకు మళ్లీ ఇటుకలు మోసే పనే గతి, దానికి నడుము సహకరించదు.

మర్నాడు యూనివర్సిటీ ల్యాబులో పద్మశ్రీ బ్యాచ్‌కు పెట్రోలు ఇంజన్ ప్రయోగం. ఇంజన్ ఎంత తాగుతోందో గాజుగొట్టంలో మిల్లీలీటర్లలో చూస్తారు. కానీ దాని పనితనం లెక్క కట్టాలంటే మిల్లీలీటర్లు చాలవు, గంటకు ఎన్ని కిలోలు మండిందో కావాలి. అంటే లీటరు పెట్రోలు బరువెంతో తెలియాలి. ఆ అంకె నల్లబల్ల మూలన ఏళ్ల తరబడి ఉంది. లీటరుకు ఏడువందల నలభై గ్రాములు. ఏ బ్యాచ్ వాళ్లూ దాన్ని తుడవలేదు, తూచి చూడనూ లేదు. హెచ్చవేయడం, రికార్డులో రాయడం, సంతకం పెట్టించుకుని క్యాంటీన్‌కు పోవడం. మన చదువులు ఇలాగే ఏడుస్తున్నాయి మరి!

"ఈ అంకె ఎవరు తూచిన్రు సార్?" అని అడిగింది పద్మశ్రీ.

లెక్చరర్ స్టీఫెన్‌ది గుంటూరు వైపు. పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు లాగుతున్నాయి. "పుస్తకంలోదమ్మా. వేసేసుకో, సంతకం పెట్టేస్తాను."

"ఒక్కసారి తూచి చూద్దాం సార్."

ఆయన విసుక్కున్నాడు. అయినా కెమిస్ట్రీ వాళ్ల దగ్గర త్రాసు తెప్పించాడు. కొలిచి తూస్తే లీటరుకు ఏడువందల డెబ్బై గ్రాముల లెక్క వచ్చింది. మళ్లీ తూచినా అంతే.

"ఎండకు పెట్రోలు వ్యాకోచించి లీటరు బరువు ఇంకా తగ్గాలి కదమ్మా, ఇది పెరిగిందేంటి?" స్టీఫెన్ సీసా వాసన చూసి స్టూలు మీద కూలబడ్డాడు. "కిరోసిన్! కలిపేశారు దరిద్రులు! మనమేమో ఇంజన్ ముసలిదైపోయిందని దాన్ని తిట్టుకుంటున్నాం."

"ఏ బంకుది సార్ ఇది?"

"చౌరస్తా దాటాక ఉందే, అదే."

పద్మశ్రీకి గీసుకుపోయిన ఆటో పిస్టన్ గుర్తొచ్చింది. నాయిన రోజూ పోయించేది అక్కడే.

సాయంత్రం సంగతి విని లక్ష్మీనర్సయ్య చెప్పులేసుకున్నాడు. "నా కొంప ముంచిన్రు గదనే! ఇయ్యాల ఆ బంకోని సంగతి చూస్త!"

"ఆగుండ్రి" అంది భార్య ప్రమీలమ్మ. "గ్యాస్ పొయ్యి వచ్చినంక మన రేషన్ కార్డు మీది కిరోసిన్ నేను తెస్తలేను. కార్డు డీలర్ దానయ్య దగ్గర్నే ఉన్నది. కిరోసిన్ ఆయన తీసుకొని, మనకు చక్కెర లైన్ లేకుండ ఇస్తడు. బస్తీల సగం మంది గట్లనే ఇచ్చిన్రు."

"అయితే?"

"ఆయన కిరోసిన్ డ్రమ్ములు ఆ బంకు ట్రాలీలనే ఎక్కుతయ్. కండ్లార చూసిన. మనకెందుకులే అనుకున్న."

లక్ష్మీనర్సయ్య చెప్పులతోనే గడప మీద కూర్చుండిపోయాడు. పద్మశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. "నాయినా, నిన్ను ఊకెనే అన్న" అంది. ఆయన ఆమె తల నిమిరాడు, అంతే.

స్టీఫెన్ బంకు మీద పౌర సరఫరాల అధికారులకు ఫిర్యాదు పంపాడు. జవాబు రాలేదు. బంకు మార్చినా ఆ వారంలోనే ఇంజన్ పట్టేసింది. లక్ష్మీనర్సయ్య అంబర్‌పేట్‌లో ఎవరిదో కిరాయి ఆటో తోలడం మొదలుపెట్టాడు. ఇక నుంచి రెండు ఆదివారాలకొకటే సెలవు. బండి తిరిగి వచ్చిందని రాసి మిమ్మల్ని సంతోషపెట్టాలని నాకూ ఉంది, కానీ రాలేదు.

ప్రమీలమ్మ దానయ్య దుకాణానికి పోయి కార్డు అడిగింది. గ్యాస్ ఉందని దాని మీద ముద్ర వేయమంది. ముద్ర పడితే ఆ ఇంటి పేరున కిరోసిన్ రాదు.

దానయ్య నవ్వాడు. "నీ ఒక్క కార్డు పోతే బంకు మూతపడతదా అమ్మా?"

"పడదు. నాది మాత్రం అండ్ల కలవద్దు."

"అయితే చక్కెరకు లైన్ల నిలబడు."

ఆమె నిలబడింది. ఎండకు నెత్తి మాడుతోంది. లైన్లో ముందున్న ఆమె వెనక్కి తిరిగి "నీకేమొచ్చిందక్కా, లైన్ లేకుండ ఇచ్చెటోన్ని ఇడిసిపెట్టి?" అంది జాలిగా.

ప్రమీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు, వట్టి అలసటే. "నా పెనిమిటి బండి పాడైందని బంకోన్ని మస్తు తిట్టినం చెల్లే. కలిపింది వాడే. కానీ కలపనీకి కిరోసిన్ వానికి మన చేతులతోనే ఇచ్చినం."