చెప్పులకు చీటీ లేదు

ఎన్నికల డ్యూటీ పడిందంటే చాలు, టీచర్లందరికీ ఎక్కడలేని నడుంనొప్పులూ బీపీలూ పుట్టుకొస్తాయి. మరిపెడలో లెక్కలు చెప్పే షబీనాకు మాత్రం నిజంగానే షుగరుంది. అయినా తప్పించమని ఎవరినీ బతిమాలలేదు. చేతకాదు అనిపించుకునే రకం కాదామె. సర్పంచ్ ఎన్నికలకు కురవి అవతల ఓ లంబాడీ తండాలో పోలింగ్ అధికారిగా వేస్తే, సంచిలో గోళీలు వేసుకుని బయలుదేరింది.

తండా బడే పోలింగ్ కేంద్రం. తెల్లారేసరికల్లా గేటు దాకా లైను! చెవులకు తువ్వాళ్లు చుట్టుకుని, చంకన పిల్లలనేసుకుని, చలికి వణుకుతూనే జోకులేసుకుంటున్నారు జనం.

"మా తండా సొంత పంచాయితీ అయినకాడి నుంచి ఒక్క ఓటు గూడ తప్పలే మేడం," అన్నాడు ఒక అభ్యర్థి ఏజెంటు శ్యాం, ఛాతీ ఉబ్బించి.

"గదైతే నిజం," అన్నాడు అవతలి అభ్యర్థి ఏజెంటు అరవింద్. పొద్దున్నించీ వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

షబీనా పొద్దున్నే గోళీ వేసుకుంది. టిఫిన్ తెస్తామన్న మహానుభావులు ఎక్కడ కూర్చుని తామే తింటున్నారో గానీ, పొద్దు నడినెత్తికొస్తున్నా పత్తా లేరు. లైను ఎంతుందో చూద్దామని వరండాలోకి వచ్చిందో లేదో, ఒళ్లంతా చెమట పట్టింది. కళ్లు తిరిగాయి. తలుపు పట్టుకుని అక్కడే కూలబడింది.

లైన్లోంచి ఓ ముసలామె గబగబా వచ్చింది. "ఏంది బిడ్డా, గిట్ల వణుకుతున్నవ్? షుగరు పడిపోయిందా? మా ముసలాయనకు గిట్లనే అయ్యేది," అంటూ కొంగుముడి విప్పి, అందులోని పల్లిపట్టీ విరిచి షబీనా నోట్లో పెట్టింది. మనమరాలి కోసం హైదరాబాదు బస్టాండులో కొన్నదట. అక్కడ బిల్డింగు పనికి పోయిన మనిషి, ఓటు కోసమే బస్సులో నిలబడి ఊరు చేరింది.

షబీనాకు ప్రాణం లేచొచ్చింది.

"గిది జరసేపే ఆపుతది. కడుపుల రొట్టె పడాలె. గదిగో, గేటు ఎదురుంగ ఉన్నదే మా ఇల్లు. కాల్చుకొస్త," అంది ముసలామె. లైన్లో తన చోట చెప్పులు విడిచింది. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు పెట్టి పెట్టి అలవాటైన జనం. వాళ్లకు చెప్పులున్నాయంటే మనిషి ఉన్నట్టే లెక్క.

"నా జాగ పోదు గద మేడం?"

"యాడికి పోతదవ్వా? నేనున్న గద!" అంది షబీనా.

ఆ మాట అంది. నిజంగా అంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ మాట తన నోటి నుంచి రాలేదని అనుకోవడానికి వీల్లేకపోయింది.

లోపలికి వెళ్లగానే ఓటర్ల జాబితాలో ఏదో పేరు మీద ఏజెంట్ల లొల్లి. అది తేలేసరికి ఇంకోటి. ఇంతలో మధ్యాహ్నం ఒంటిగంట, పోలింగ్ ముగిసే వేళ అయింది. అప్పటికి లైన్లో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు పంచాలి, గేటు మూయించాలి. షబీనా హడావుడిగా పంచుకుంటూ వస్తుంటే మధ్యలో ఓ జత చెప్పులు. తెగిన పట్టీకి ఎర్రదారం కట్టి ఉంది. లైను కదిలినప్పుడల్లా వెనకామె వాటిని కాలితో ముందుకు జరుపుతోంది.

"గవి కమ్లీ అవ్వయి మేడం. ఇప్పుడొస్తది. ఒక చీటీ ఇయ్యు."

"మనిషికిస్తరు చీటీ. చెప్పులకిస్తరా?" అని విసుక్కుని ముందుకు నడిచింది షబీనా.

కమ్లీ ఎవరో ఆమెకేం తెలుసు? నోట్లో తీపి పెట్టిన మనిషిని పేరన్నా అడిగితే గదా! ఎవరామె, ఎటు పోయింది అని ఒక్క మాట అడిగినా సరిపోయేది. ఆ ఇంటికి ఒక్క కేక వేస్తే వినబడేది.

గేటు పడ్డాక వచ్చింది కమ్లీ, రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, పరుగుపరుగున, ఉత్తకాళ్లతో. నెలలుగా తాళం వేసిన ఇల్లు. పక్కింట్లో పిండి అడిగి, పొయ్యి రాజేసేసరికి ఆలస్యమైంది.

గేటు దగ్గర ఆమెను చూడగానే ఆ చెప్పులు ఎవరివో షబీనాకు అర్థమైంది. "యా అల్లా!"

శ్యాం, అరవింద్ ఇద్దరూ బయటికొచ్చారు. "రానియ్యి మేడం. మాకేం అభ్యంతరం లేదు," అన్నారు ఒక్క గొంతుతో.

"గేటు పడ్డంక రూలు ఒప్పుకోదు," అంది షబీనా. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

కమ్లీ లైను వైపు చూసింది. చెప్పులు లోపలే ఉన్నాయి. గేటు సందులోంచి మూట అందించింది. "నువ్వైతే ముందు తిను బిడ్డా. మళ్ల పడిపోతవ్."

తినక తప్పలేదు. జొన్నరొట్టె ఇంకా వేడిగానే ఉంది. ఒక్కో ముక్కా నీళ్లు తాగి మింగింది.

సాయంత్రం ఫలితం చెప్పారు. డప్పులు మోగాయి. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ గేటు దగ్గరే గుమిగూడారు. "అన్ని ఓట్లు పడ్డయ్, ఒక్కటి తప్ప!" అన్నాడు శ్యాం, గెలిచిన సంతోషం కూడా లేకుండా. అందరూ కమ్లీ వైపు తిరిగారు. ఆమె ఎడమచెయ్యి కొంగులో దాచుకుంది.

"మేడం పాపం జల్ది రమ్మనే చెప్పింది. నేనే లేటు చేసిన," అంది.

షబీనా అప్పుడే వ్యాను వైపు నడుస్తోంది. ఆ అబద్ధం వినగానే తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుని వ్యాను ఎక్కితే ఎవరికీ తెలియదు. ఆమె వెనక్కి తిరిగింది.

పోలింగ్ గది గడప దగ్గర ఆ చెప్పులు ఉన్నాయి. చీటీ దొరక్కపోయినా, లైన్లోని జనం వాటిని గడప దాకా జరుపుతూనే వచ్చారు. షబీనా వాటిని రెండు చేతులా తీసుకొచ్చి కమ్లీ కాళ్ల ముందు పెట్టింది.

"అవ్వ లేటు చెయ్యలే. నీ జాగ పోదని నేనే మాటిచ్చి, నేనే మర్చిపోయిన. మీ తండా ఓటు నేనే పోగొట్టిన."

డప్పులు ఆగిపోయాయి. ఎవరైనా నాలుగు తిడితే బాగుండుననిపించింది షబీనాకు.

"అయ్యో, చెప్పులు చేతులతోని పడుతరా!" అని కమ్లీ గబుక్కున కాళ్లు దూర్చింది. "రొట్టె తిన్నవా లేదా, గది చెప్పు."

తలూపింది షబీనా.

వ్యాను కదిలింది. తండా అంతా చేతులూపింది, అందరి ఎడమచేతి వేలిమీదా సిరా చుక్క. వాళ్ల మధ్య కమ్లీ కూడా కొంగులోంచి చెయ్యి తీసి ఊపింది.