నరసన్న ఎరుపు

నూలును కర్రలకు తగిలించి రంగు గంగాళంలో మరోసారి తిప్పేసరికి నరసన్న చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. పొయ్యి సెగకు అతని కనుబొమలు ఏనాడో పలచబడ్డాయి. ఎండిన జొన్నదంటులాంటి మనిషి. చేతులు మాత్రం ఆ ఒంటివి కావనిపించేంత లావు. గోళ్ల చుట్టూ నలభై ఏళ్ల రంగులు పేరుకుపోయాయి. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్లు అతని ఎరుపును కళ్లు మూసుకుని నమ్ముతారు.

"కడిగి సూడప్పా. పోతే నన్నడుగు" అంటాడు కొత్తగా వచ్చినవాళ్లతో. అతను జీవితంలో కాస్త పొగరుగా అనే మాట అదొక్కటే.

ఆ పొద్దున మాత్రం అతని చూపు నూలు మీద లేదు. కూతురు ఈశ్వరి గోడ పట్టుకుని నడుస్తోంది. నిన్న ఆదోనిలో ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరుగెత్తి మూడో స్థానంలో వచ్చింది. ఎల్లుండి కర్నూలులో మరో పది కిలోమీటర్లు పరుగెత్తి చూపిస్తేనే శిక్షణకు తీసుకుంటారు. సాయంత్రమే బస్సు. పిక్కలేమో రాళ్లలా బిగుసుకుపోయాయి.

"యాడ నొప్పిమ్మా?"

"యాడ లేదో అడుగు నాయనా. ఉప్పేసిన వేడినీళ్లల్లో మోకాళ్ల దాకా కాళ్లు పెట్టుకోమని కోచ్ సారు సెప్పినాడు. మన బకెట్లో పాదాలే మునుగుతాండాయి."

నరసన్న గంగాళం వైపు చూశాడు. పెళ్లిళ్ల రోజుల్లో జ్వరమొచ్చినా పని ఆపని మనిషి, పొయ్యి మీదున్న నూలు ముగించి తక్కినదంతా పక్కకు నెట్టేశాడు. గంగాళాన్ని చింతపండుతో ఒకసారి, ఇటుకపొడితో ఒకసారి తోమాడు. నీళ్లు కాచి చెయ్యి ముంచాడు. మరిగే రంగుకు అలవాటుపడిన ఆ చేతిని ఇవాళ నమ్మబుద్ధి కాక, భార్య రామమ్మను పిలిచి ముంచి చూడమన్నాడు.

"సల్లార్చయ్యా! బిడ్డను ఉడకబెడతావా యేమి?" అందామె వేళ్లు విదిలించుకుంటూ.

గంగాళాన్ని పొయ్యి మీంచి దించి, నీళ్లు చల్లార్చి ఉప్పు బస్తా విప్పాడు. అక్కడే పొరపాటు జరిగింది. చెయ్యి అలవాటుకొద్దీ అద్దకానికి వేసినన్ని దోసిళ్లూ వేసేసింది. ఉప్పు పడితేనే కదా రంగు నూలును అంటుకునేది! గంగాళం అతుకుల్లో ఇంకా ఎరుపు దాగి ఉందన్న సంగతి, ఎవరికి తట్టకపోయినా అతనికి తట్టాలి. తట్టలేదు. రాగి గంగాళంలో నీళ్లు ఎర్రగా కనిపించడం మామూలేనని ఎవరూ పట్టించుకోలేదు.

ఈశ్వరి పీట మీద కూర్చుని కాళ్లు దించి, హమ్మయ్య అని కళ్లు మూసుకుంది. అరగంట తర్వాత లేచి, గోడ పట్టుకోకుండా వాకిలి దాకా నడిచింది. ఉప్పు మహిమో, వేడి మహిమో, నాయన పడ్డ హడావిడి మహిమో ఎవరికి తెలుసు! కాళ్లు మాత్రం మోకాళ్ల దాకా ఎర్రగా మెరిశాయి.

రామమ్మ సబ్బు పెట్టి రుద్దింది, శనగపిండి పట్టించింది, కిరసనాయిలు కూడా పూసింది. ఎరుపు కదల్లేదు. తన రంగు పోతే బాగుండునని నరసన్న జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. ఎల్లుండి అంతమంది ముందు బిడ్డ నవ్వులపాలవుతుందని అతని ప్రాణం విలవిల్లాడింది. ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి, మోకాళ్ల దాకా వచ్చే తెల్ల సాక్సులు కొనుక్కొచ్చాడు.

"పరిగెత్తేటప్పుడు ఇవి ఏసుకోమ్మా. ఎవరికీ కనపడదు."

ఈశ్వరి వాటిని తీసుకుంది.

సాయంత్రం కర్నూలు బస్సు వచ్చింది. ఈశ్వరి మెట్లు తేలిగ్గా ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి నరసన్న ఇంటికొచ్చాడు. మంచం మీద సాక్సులు చూసి, గాబరాగా ఫోను చేశాడు.

"సాక్సులు మర్సిపోయినావమ్మా! రేపు నేను తెచ్చిస్తాలే."

"మర్సిపోలేదు నాయనా, ఇడిసిపెట్టి వచ్చినా. కాళ్లకు యేమైందని ఎవరన్నా అడిగితే, మా నాయన అద్దిన ఎరుపని సెప్పుకుంటా. సెప్పుకోవద్దా?"

ఊఁ అన్నాడో లేదో నరసన్నకే తెలియదు. కూర్చోవడానికి మంచం దాకా పోయి కూడా నిలబడే ఉన్నాడు. దుప్పటి మీద ఆ తెల్ల సాక్సులు, రెంటినీ కలిపి కుట్టిన దారమైనా తెగకుండా, జతగా పడి ఉన్నాయి.