మూత మీద అరచెయ్యి

తిరుపతి కొర్లగుంటలో ఆ వీధిలో ఎవరి వంటకు ఏ తంటా వచ్చినా జ్ఞానాంబ గడప తొక్కాల్సిందే. చింతపండుకు పురుగు పట్టినా, ఇడ్లీ రాయైనా, ఊరిబిండి పచ్చడిలో ఉప్పెక్కువైనా మందు ఆమె దగ్గరే ఉండేది. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా పలికేది. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, ఆ మాత్రం గర్వపడితే తప్పేముంది?

అలాంటి మనిషి చెవులు ఏడాదిగా ఒక్కో చప్పుడూ పారేసుకుంటూ వచ్చాయి. మొదట పక్కింటి రేడియో పోయింది, తర్వాత వాన పోయింది, చివరికి పోపులో ఆవాల చిటపటలూ పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి, సగం విని, సగం ఊహించి నెట్టుకొచ్చేది. ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మకు పట్టిన గతి ఆమె కళ్ళారా చూసింది. చివరి పదేళ్ళూ ఆ తల్లిని ఇంటిల్లిపాదీ చెవిటి ముసలిదనే పిలిచారు. ఏదైనా చెప్పాల్సి వస్తే "చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అని నవ్వి మానుకునేవాళ్ళు. పిల్లలు ఎదుట నిలబడి, గొంతు పెగల్చకుండా ఊరికే నోళ్ళాడించి ఎక్కిరించేవాళ్ళు. అందుకే జ్ఞానాంబ తన సంగతి కొండమీది స్వామికి కూడా చెప్పుకోలేదు.

చెప్పుకోకపోతే పోయె, తెలివి ఉంది కదా. పోపు గిన్నె మీద మూత పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించేది. ఆవాలు చిట్లడం చేతికి తెలిసేది. కుక్కర్ పైన, అయిపోయిన తొంభై ఆరు క్యాలెండర్ కాగితాన్ని పట్టీగా చించి దారంతో వేలాడగట్టింది. విజిల్ వచ్చినప్పుడల్లా ఆవిరికి కాగితం ఎగిరేది. మూడుసార్లు ఎగిరితే పప్పు ఉడికినట్టు లెక్క.

కోడలు నవీన పరాయి పిల్ల కాదు, చిత్తూరులో ఉన్న తమ్ముడి కూతురే. వారపత్రికల్లో వంటింటి చిట్కాలు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకునే పిచ్చి ఉంది ఆ పిల్లకు. అత్త చెయ్యి కదిపిందంటే అదొక చిట్కా అని ఆమె నమ్మకం.

"మూత మీద చెయ్యి ఎందుకు పెడతావత్తా?" అని ఒకరోజు అడిగింది.

"పోపు కమ్మగా వస్తాదే" అనేసింది జ్ఞానాంబ.

నవీన రాసేసుకుంది. కాగితం సంగతైతే అడక్కుండానే రాసుకుంది: 'కుక్కర్ పైన కాగితం కడితే గోడకు ఆవిరి మరక పట్టదు.' అది చదివి జ్ఞానాంబ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

కొంప ముంచింది పాలు. పొంగే చప్పుడు వినబడక వారానికి రెండుసార్లైనా స్టవ్వు పాలపాలయ్యేది. రేణిగుంట ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు బాలచంద్ర దాన్ని మతిమరుపు అనుకున్నాడు. అమ్మ కష్టం తీరుద్దామని పాల కుక్కర్ కొనుక్కొచ్చాడు. రెండు పొరల గిన్నె అది. పొరల మధ్య నీళ్ళు పోసి, పైన బుడ్డి విజిల్ బిగించాలి.

"ఇంక బాధే లేదుమా. పాలు కాగితే అదే ఈల వేస్తాది. నువ్వు యాడున్నా వినబడతాది."

లోకంలో ఇన్ని సామాన్లుండగా ఏరి కోరి ఈల వేసేదే తెచ్చాడు పుత్రరత్నం! "బాగుండాది నాయనా" అంది జ్ఞానాంబ.

నాలుగు రోజులు దాని ముందే కాపలా కాసింది. అయిదో రోజు పొద్దున, కరివేపాకు కోసుకొద్దామని పెరట్లోకి వెళ్ళి, పనిలో పనిగా మునగాకు కూడా దూస్తూ నిలబడిపోయింది. నవీన వీధి కొళాయి దగ్గర ఉంది, బాలచంద్ర స్నానం చేస్తున్నాడు. వీధి వీధంతా విన్న ఈల జ్ఞానాంబ ఒక్కతే వినలేదు. ఎదురింటి పంకజాక్షి పరిగెత్తుకొచ్చి భుజం పట్టి ఊపేసరికి పొరల్లో నీళ్ళు ఇగిరిపోయి, పాలు మాడి, వంటిల్లు పొగతో నిండిపోయింది.

బాలచంద్ర తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. చంటిపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"రేపట్నుంచి పొయ్యి కాడికి పోవద్దుమా. గ్యాసు గదా, ఏమన్నా అయితే? నవీన సూసుకుంటాది. నువ్వు కూసోని తిను."

ఆ మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా తెలిశాయి ఆమెకు. చెవిటిదంటే నవ్వుతారు, మతి లేదంటే పొయ్యి లాక్కుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వంటింటి గుమ్మం ఎదుట చాప మీద కూర్చుని, చింతపండు గింజలు తీస్తూ కళ్ళు తుడుచుకుంది. పొయ్యి లేకపోతే తనింక ఎవరని అనిపించి దుఃఖం ఆగలేదు.

మధ్యాహ్నం నవీన పోపు వేయడం గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది. పిల్ల శ్రద్ధగా మూత పెట్టి, చిట్కా ప్రకారం అరచెయ్యి ఆనించింది. ఉన్నట్టుండి ఉలిక్కిపడి చెయ్యి తీసి చూసుకుంది. మళ్ళీ ఆనించింది. తలెత్తి, కుక్కర్ మీద ఎగురుతున్న కాగితాన్ని చూసింది. తర్వాత అత్త వైపు తిరిగింది. పోపు మాడుతున్న వాసన వస్తోంది, ఆ పిల్లకు పట్టలేదు.

స్టవ్వాపి వచ్చి జ్ఞానాంబ ఎదుట కూర్చుంది.

"అత్తా, నీకు చెవులు వినబడవు గదా?"

జ్ఞానాంబ కాదందామనుకుంది. చేతిలో చింతపండు చాప మీద పెట్టేసింది. నవీన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అవ్వ ముందర నిలబడి ఊరికే నోరాడించి ఎక్కిరించింది నేనే అత్తా. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు."

"నాకు తెలుసులేవే" అంది జ్ఞానాంబ. మళ్ళీ తనే అంది, "నేను ఆ పక్కనే ఉన్నా. నేనూ నవ్వినా."

జ్ఞానాంబ చేతులకు చింతపండు ఉన్నా చూసుకోకుండా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు.

"ఆయనకు నేను చెప్పనా?" అంది నవీన. జ్ఞానాంబ వద్దని తలూపింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది జ్ఞానాంబ. తోమి తళతళలాడుతున్న పాల కుక్కర్ స్టవ్వు మీద ఉంది. దాని విజిల్ పైన కొత్త కాగితం పట్టీ వేలాడుతోంది. పిచ్చిపిల్ల క్యాలెండర్లో ఈ నెల కాగితమే చించేసింది! నవీన లైటర్ తెచ్చి చేతిలో పెట్టింది. జ్ఞానాంబ పాలు పోసి స్టవ్వు వెలిగించింది.

బాలచంద్ర గుమ్మంలోకి వచ్చాడు. "మా, నిన్న నేనేం చెప్పినా?"

నవీన సైగ చూసి జ్ఞానాంబ అతని వైపు తిరిగింది.

"నాకు చెవులు పోయినాయిరా. ఏడాదయింది. మతి యాడికీ పోలేదు, ఈడే ఉండాది. నాతో ఏమన్నా చెప్పాలంటే ఎదురుగా వచ్చి చెప్పు."

అనేసి స్టవ్వు వైపు తిరిగి నిలబడింది. వెనక అతనేమన్నాడో, అసలేమైనా అన్నాడో లేదో తెలియదు. కొంచెంసేపటికి అతను స్టవ్వుకూ గ్రైండరుకూ మధ్య సందులోకి ఇరుక్కుని వచ్చి, ఆమె ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కాఫీ నువ్వే కలపాలమా" అన్నాడు, ఒక్కో మాటా విడదీసి.

కాగితం ఎగిరింది. జ్ఞానాంబ స్టవ్వాపింది.

"పక్కకు జరుగు మరి" అంది. "గ్లాసులు తీసుకోవాల."