సాయంత్రం గడి

"దాని పని అయిపోయింది. మధ్యాహ్నం కసాయి వస్తాడు, ఆఖరిసారి పిండెయ్," అన్నాడు మా ఆయన పళ్ళు తోముకుంటూ.

పెద్దక్క మా పాకలో ఉన్న ఆరు మేకల్లోకీ పెద్దది. దాని పొదుగు కింద గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. కుట్లు లాగుతున్నాయి. గర్భసంచి తీసేసి పదిహేడు రోజులైంది. పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, వారం నుంచీ మళ్ళీ ఈ పీట మీదే. వంగొద్దని డాక్టరమ్మ చెబితే, "పీట మీద కూర్చుంటే వంగినట్టు కాదులే" అని ఆయన తేల్చేశాడు. ఆస్పత్రి వరండాలో ఎవరికో ఫోనులో "దాని పని అయిపోయిందిలే" అనడం కూడా విన్నాను. అప్పుడు మాట మేక గురించి కాదు. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఈనిన మేకకి పాలు వారం వారం పెరుగుతాయి. ఆరేడు వారాల దాకా ఎక్కి, ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా దిగుతాయి. ఇది నాకెవరూ నేర్పలేదు. పాకలో మేకుకి వేలాడే నోటుబుక్కులో పొద్దున గడి, సాయంత్రం గడి నింపుతూ పద్నాలుగేళ్ళలో తెలుసుకున్నాను. నేను ఆస్పత్రికి వెళ్ళేనాటికి పెద్దక్క ఈని ఐదు వారాలు, రోజుకి మూడు లీటర్లు ఇస్తోంది. తిరిగొచ్చేసరికి లీటరున్నర. ముసలితనం పది రోజుల్లో ఊడిపడదు కదా. కానీ ఎవరితో అనను? మేకల మనిషి అంటే అందరికీ ఆయనే. ఒకసారి పశువుల డాక్టరు ఈ పుస్తకం చూసి మెచ్చుకుంటే, "ఏదో అలా రాస్తుంటానండీ" అన్నాడు, నా ఎదురుగానే. నేను టీ అందించాను.

వచ్చిన దగ్గర్నుంచి కొత్త పేజీలో రాస్తున్నాను తప్ప వెనక్కి తిప్పే తీరిక దొరకలేదు. ఇవాళ తిప్పాను. అత్తయ్యకి చదువు రాదు. పిండడం ఆయనకి అప్పజెప్పి, "అరలీటరు చెంబుకో గీత గియ్యండి చాలు" అని ఆవిడ చేతికి పెన్సిలిచ్చి వెళ్ళాను. పెద్దక్క పేరు ఎదురుగా పొద్దున గళ్ళలో గీతలు ఐదు, నాలుగు, నాలుగు, అలా దిగుతూ చివరికి మూడు. సాయంత్రం గళ్ళు పదీ తెల్లగా ఉన్నాయి. పిండకుండా వదిలిన పాలు పొదుగులో నిలిచిపోతే, పాలు చెయ్యడమే మానుకుంటుంది మేక ఒళ్ళు.

కసాయి వచ్చి పెద్దక్క మెడకి తాడు వేశాడు. పుస్తకం పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను. పరాయివాళ్ళ ముందు నేనెప్పుడూ నోరెత్తినదాన్ని కాదు.

"అత్తయ్యా, ఈ సాయంత్రం గళ్ళలో గీతలేవి?"

"ఇప్పుడా పురాణం ఎందుకు?" అన్నాడు ఆయన.

అత్తయ్య కొడుకు వంక చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ నా వైపు మాట్లాడని మనిషి.

"పిండితేగా గీసేది? సాయంత్రమైతే వాడు పేకాటకి పోయేవాడు. నేను దొంగ గీతలు గియ్యలేనమ్మా."

కసాయి తాడు విప్పి భుజాన వేసుకున్నాడు. "మీలో మీరు తేల్చుకుని కబురు పెట్టండి బాబూ," అని వెళ్ళిపోయాడు.

"నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు ఆయన. నలుగురు ఎక్కడ, కసాయి ఒక్కడేగా అనుకుంటూ పెద్దక్కని మళ్ళీ గుంజకి కట్టేశాను.

సాయంత్రం పెద్దక్క ముప్పావు లీటరిచ్చింది. పాలు మళ్ళీ మూడు లీటర్లకి ఎక్కకపోవచ్చు, తెలుసు. పుస్తకం ముందేసుకున్నాను. అందులో మేక పేరుంది, పూట ఉంది, పాలున్నాయి. స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీసి, పైన "పిండినది ఎవరు" అని రాశాను. ఈ పూటకి నా పేరు. రేపటి నుంచి కుట్లు మానేదాకా రెండు పూటలా ఆయన పేరు, పెన్నుతో.

పుస్తకం మేకుకి తగిలిస్తుంటే అత్తయ్య చెయ్యి చాచింది.

"ఆ పెన్సిలు నా దగ్గరే ఉండనీ."